స్వీయ ధ్రువీకరణ కూడా సాక్ష్యమే

"75 గజాల ఇంటికి అనుమతి అక్కరలేదట కదా, మౌలానా సాబ్?" బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టదలచిన సోదరులు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఇది. నిజమే. 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు మించని ఇంటికి ఒక్క రూపాయితో నమోదు చాలు. ఆపైన 500 చదరపు మీటర్ల వరకు, 10 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణపైనే తక్షణ అనుమతి లభిస్తుంది.

మా ఆందోళన అంతా ఆ ధ్రువీకరణ గురించే. ఈ భూమి చెరువు శిఖం కాదు, సర్కారుది కాదు, ప్లానులో చూపినంత ఖాళీ వదులుతాను అని యజమాని ఇచ్చే సాక్ష్యమది. కాగితంపై రెండంతస్తులు చూపి నేలపై నాలుగు లేపడాన్ని మనవారు కొందరు తెలివి అనుకుంటున్నారు! అబద్ధపు సాక్ష్యాన్ని దైవప్రవక్త (స) ఘోరపాపాలలో చేర్చారు. జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల వరకు అది చుట్టబడుతుందనీ హెచ్చరించారు. ఇంటి మెట్లను వీధిలోకి దించేవారు ఆ జానెడును ముందు కొలుచుకోవాలి. ధ్రువీకరణ అబద్ధమని తేలితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం చట్టంలోనూ ఉంది.

వేసవిలో పొడిగా కనిపించిన నేలను నమ్మి బయానా ఇవ్వకండి. 2020 అక్టోబరు వానలకు నగర శివారు కాలనీలెన్నో మునిగాయి. 10 హెక్టార్లు, ఆపైబడిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుండి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు విడవాలి. హెచ్ఎండీఏ చెరువుల పటం, ఈసీ, లేఅవుట్ అనుమతి, ఈ మూడూ చూశాకే బయానా.

మేస్త్రీతో ఒప్పందం వ్రాయించుకొనే పద్ధతి వచ్చే నెల, ఇన్షా అల్లాహ్.