మూడు సెకన్ల అబద్ధం

గోల్డ్‌ఫిష్‌కి జ్ఞాపకశక్తి మూడు సెకన్లేనట! ఈ వారం పిల్లల క్విజ్ పుస్తకమొకటి తిరగేస్తుంటే ఆ మాట మళ్లీ కనబడి ఒళ్లు మండింది. ఎవరు కొలిచారు ఆ మూడు సెకన్లు? నిజంగా కొలిచినవాళ్లకు తేలింది వేరు. 2003లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయంలో గోల్డ్‌ఫిష్‌లకు మీట నొక్కితే మేత పడుతుందని నేర్పారు. తర్వాత రోజుకొక గంటసేపే మేత పడేలా మారిస్తే, అవి ఆ వేళ పసిగట్టేశాయి. ఆస్ట్రేలియాలో కలమ్ బ్రౌన్ అనే శాస్త్రవేత్త రెయిన్‌బో చేపల తొట్టిలో ఒకే ఒక్క కంత ఉన్న వల లాగి చూశాడు. ఐదుసార్లకే దారి నేర్చుకున్నాయి. పదకొండు నెలలకు మళ్లీ వల దింపితే, ఆ కంత వాటికి గుర్తే!

కొల్లేరు చుట్టుపక్కల చెరువుల రైతులకు ఈ ప్రయోగాలతో పనిలేదు. చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు, చెక్క నింపి నీళ్లలో వేలాడదీస్తారు. ఆ సంచి ఎక్కడుందో బొచ్చెకీ తెలుసు, శీలావతికీ తెలుసు.

ఈ అబద్ధాన్ని అడ్డం పెట్టుకునే కదా చేపను గుండ్రటి గాజుగిన్నెలో పెట్టి బల్లమీద అలంకరిస్తున్నాం! చుట్టు తిరిగేలోగా అంతా మరిచిపోతుందిలే అని మనకో ధీమా. పదేళ్లకు పైగా బతకగల ప్రాణి, తన విసర్జన నుంచి పుట్టిన అమ్మోనియాలోనే ఉక్కిరిబిక్కిరై చస్తోంది. చేపల కోసమంటూ ఆ గిన్నెలు అమ్మడం ఆపించాలి.

చేపకున్న జ్ఞాపకాన్ని కాదన్న మనమే పాముకు లేని పగ అంటగట్టాం. జంటలో ఒకదాన్ని చంపితే రెండోది వెతుక్కుంటూ వస్తుందని సినిమాలు నూరిపోశాయి, ఇప్పుడు సీరియళ్లు ఆ పని చేస్తున్నాయి. పాము కాటేసేది బెదిరినప్పుడు, కాలికింద నలిగినప్పుడు. 2000 నుంచి 2019 దాకా దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుకు బలయ్యారని ఒక అధ్యయనం అంచనా. మరణాలు ఎక్కువున్న రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అయినా కాటు పడ్డ ఇంట్లో మొదటి పరుగు కర్రకోసం, రెండో పరుగు మంత్రగాడి కోసం. ఆసుపత్రి మాట వచ్చేది ఆ తర్వాతే! మన దగ్గర దొరికే యాంటీవెనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ కలిపి చేసిందే. పామును చంపి డాక్టరుకు చూపించాల్సిన పనే లేదు.