డయాలిసిస్ రోగులు – వైరసు మరణములు

మూత్రపిండములు రెండును పనిచేయుట మానిన మనుష్యుడు యంత్రము నాశ్రయించి బ్రదుకవలసియున్నది. వారమునకు రెండు మూడు పర్యాయములు, ఒక్కొక్క పర్యాయము నాలుగేసి గంటలు, అతని రక్తము దేహమును వీడి గొట్టముల వెంట ప్రవహించి, మలినములను విడనాడి మరల దేహమును జేరవలెను. ఈ నియమము తప్పినచో ఆయువు దినములలోనికి వచ్చును. ఇట్టివానికి వైరసు సోకి ప్రాణము పోయినపుడు, “మూత్రపిండములు చెడినవాడు, ఎట్లును దక్కువాడు కాడు” అని లోకము నిట్టూర్చి యూరకుండును. ఈ మాటలో సగము సత్యము. తక్కిన సగము మన యుపేక్షపై గప్పిన ముసుగు. ఆ రెండవ సగమును గూర్చియే మేము పాఠకులకు ముఖ్యముగా మనవిచేయదలచితిమి.

మొదట సత్యమైన సగమును జూతము. కోవిడ్ చెలరేగిన 2020వ సంవత్సరమున యూరపు వైద్యులు పలుదేశములనుండి రోగుల వివరములను గూర్చిరి. వారు పరిశీలించిన డయాలిసిస్ రోగులు 768 మంది. 28 దినములలోపల వీరిలో నూటికి 25 మంది చొప్పున మృతినొందిరి. ఆ తొలినాళ్లలో రోగము ముదిరినవారికే పరీక్షలు ఎక్కువగా జరిగెను గావున ఈ సంఖ్య కొంత హెచ్చుగా గనబడవచ్చును. అయినను సామాన్యజనులలో సోకినవారిలో మృతులు స్వల్పభాగమే యని తలచినపుడు ఈ యంతరము భయంకరమైనదే. అందును ఎవరెక్కువగా మరణించిరి? వయస్సు మీరినవారును, లేచి తిరుగజాలక తమ పనులు తాము చేసికొనలేనంతగా బలము ఉడిగినవారును.

ఇందులకు హేతువులు వైద్యశాస్త్ర మెరిగినవే. మూత్రపిండములు చెడినపుడు రక్తమున నిలిచిపోవు మలినములు రోగనిరోధకశక్తిని కృశింపజేయును. వైరసు నెదిరింపవలసిన కణములు మందగించును. టీకా వేసినను దేహము తగినంతగా స్పందింపదు. దీనికి తోడు ఈ రోగులలో అనేకులకు మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు మునుపే యుండును. దేహమున నీరు నిలిచినవాని ఊపిరితిత్తులు వైరసు రాకమునుపే సగము మునిగియుండును. మెడనరమున గొట్టముతోనే కాలము గడుపువారికి బాక్టీరియా సోకు ప్రమాదము హెచ్చు; వైరసుచే దుర్బలుడైనవానిని ఈ రెండవ శత్రువు పడగొట్టును. పెక్కురకు జ్వరమైనను స్పష్టముగా రాదు. వాకిట నిలిచి నుదుటివేడిని కొలుచువాడు రోగము లేదని లోనికి బంపిన మనుష్యునియందే రోగముండవచ్చును.

వయస్సును తగ్గించుట యెవరి తరమును గాదు. ఇంతవరకు విధి యనుడు, కర్మ మనుడు, మేము వాదింపము. కాని మృత్యువునకు దారితీయు కారణములన్నియు రోగి దేహముననే యున్నవా? లేవు. కొన్ని అతడెక్కిన బండిలోను, అతడు పండుకొనిన గదిలోను, అతనిని గూర్చి వ్రాయబడిన ఉత్తరువులలోను ఉన్నవి. వీనిని సృష్టించినది మానవుడు, మార్చవలసినవాడును మానవుడే.

మహమ్మారి కాలమున అందరిని ఇండ్లు కదలవద్దని శాసించిరి. డయాలిసిస్ రోగి కదలక తప్పదు. పదిమందితో గలసి బండిలో పయనించి, వరుసగా మంచములు వేసిన గదిలో గంటలకొలది గడిపి, ఒక్కరే సిబ్బంది పలువురిని ముట్టుచుండగా చికిత్స పొందవలెను. ప్రాణము నిలుపు గదియే వైరసు పంచు గది యగుట ఇట్లు సంభవించినది.

ఇది కొత్తసంగతియు గాదు. 1969, 1970 సంవత్సరములలో స్కాట్లండుదేశపు ఎడింబరో నగరమున డయాలిసిస్ విభాగములో హెపటైటిస్ బి వైరసు వ్యాపించి, రోగులే గాక చికిత్స చేయు సిబ్బందియు మరణించిరి. పిమ్మట 1972లో రోజెన్‌హైమ్ ప్రభువు అధ్యక్షతన నియమితమైన సంఘము నియమములను నిర్దేశించినది. రోగులకును సిబ్బందికిని నియతముగా రక్తపరీక్ష, సోకినవారికి ప్రత్యేకముగా యంత్రమును గదియును, రక్తముతో వ్యవహరించుటలో జాగ్రత్త, ఇవియే ఆ నియమముల సారము. బ్రిటనులోని డయాలిసిస్ విభాగములలో ఆ వ్యాధి వెనుకంజవేసినది. ఆ వ్యాధికి టీకా వచ్చుట 1980 దాటిన పిమ్మటి మాట. వైరసు మారలేదు, రోగుల మూత్రపిండములు బాగుపడలేదు; పద్ధతి మారినది, ప్రాణములు నిలిచినవి. ఈ పాఠమును మనము హృదయమున నుంచుకొనవలెను.

మన దేశమున 2020 మార్చి 25వ తేదీనుండి రాకపోకలు స్తంభించినపుడు జరిగినదేమి? 19 ప్రధాన ఆసుపత్రులలోని 2,517 మంది డయాలిసిస్ రోగులను గూర్చి వైద్యులు విచారింపగా, వారిలో 710 మంది ఒకటియో అంతకెక్కువయో పర్యాయములు చికిత్స కోల్పోయిరని తేలినది. 69 మందికి అత్యవసరముగా డయాలిసిస్ చేయవలసివచ్చెను. 104 మంది ఆసుపత్రికి మరల రానేలేదు. వారిలో ఎందరు బ్రదికిరో, ఎందరు ఇంటివద్దనే కన్నుమూసిరో ఏ పట్టికయు జెప్పజాలదు. వైరసు సోకకయే వైరసు కాలమున మరణించువారు వీరు. బండి దొరకని హేతువున ప్రాణము పోయినవానిని ఏ లెక్కలో వ్రాయుదురు?

టీకాల విషయము మరియు విచారింపదగినది. 2021 మార్చి 1వ తేదీనుండి 60 ఏండ్లు దాటినవారికిని, 45 మొదలు 59 ఏండ్లవరకు గలవారిలో నిర్ణీతవ్యాధులున్నవారికిని టీకా వేయ నారంభించిరి. ఆ వ్యాధుల పట్టికలో డయాలిసిస్ చేరియుండెను, ఇది మెచ్చదగినదే. కాని 45 ఏండ్లు నిండని డయాలిసిస్ రోగికి? వయోపరిమితిని 18 ఏండ్లకు దించిన మే 1వ తేదీవరకు అతడు కాచుకొనియుండవలసివచ్చెను. ఆ నడిమి ఏప్రిలు మాసముననే రెండవ యుప్పెన దేశమును ముంచెత్తినది. వృద్ధులకే ప్రమాదమను సూత్రము పశ్చిమదేశములకు జెల్లుగాక. మన దేశమున డయాలిసిస్ రోగులు ఆ దేశములవారికంటె చిన్నవయస్కులు. సంసారభారము మోయు వయస్సుననే యంత్రము నాశ్రయించినవారు మనలో వేలకొలది గలరు. రోగమును జూడక యేండ్లను లెక్కించిన ఉత్తరువు వారి యెడల అన్యాయము చేసినదని చెప్పక తప్పదు.

మందుల విషయమునను ఇట్లే జరిగెను. కొత్తమందులను పరీక్షించువారు మూత్రపిండములు చెడినవారిని మొదటనే తొలగించుట పరిపాటి. రెమ్‌డెసివిర్ అను మందు 2020లోనే వాడుకలోనికి వచ్చినను, డయాలిసిస్ రోగులకు మోతాదు మార్చకయే యీయవచ్చునని అమెరికా ఔషధాధికారులు అంగీకరించినది 2023 జూలైలో. అందరికంటె ఎక్కువగా మరణించువారిని అందరికంటె వెనుక విచారించుట శాస్త్రమునకు శోభ గాదు.

మన తెలుగునాట ఈ ప్రశ్న శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున నిత్యము నిలువబడియున్నది. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురము, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో కొబ్బరితోటల నడుమ, జీడిమామిడి చెట్ల నీడను బ్రదుకు కాపులును కూలీలును మూత్రపిండవ్యాధికి బలియగుచున్నారు. మునుపు శ్రీకాకుళమునకును విశాఖపట్టణమునకును పోవలసియుండిన రోగులకు సోంపేట, పలాసలయందే డయాలిసిస్ లభించుట యొక మేలు. 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల ఆసుపత్రిని బ్రారంభించుట మరియొక మేలు. కాని మరల నొక మహమ్మారి వచ్చినచో ఈ గ్రామములవారు ఏ బండిలో బోవుదురు? సోకినవానికి ప్రత్యేకయంత్ర మెచ్చట నున్నది? టీకా యెవరికి ముందు? ఈ మూడు ప్రశ్నలకును నేడే ఉత్తరము సిద్ధముగా నుండవలెను. ఇల్లు కాలునపుడు బావి త్రవ్వుట మనకు అలవాటైనది. ఈ అలవాటు మానవలెను.

“ఇందులకు ధన మెక్కడిది?” అని కొంద రడుగవచ్చును. మేము కోరునవన్నియు ధనముతో గూడినవి గావు. డయాలిసిస్ ఆరంభమగుటకు ముందే, దేహము కొంత బలముగా నున్నపుడే, హెపటైటిస్ బి టీకా వేయుటయు, ఏటేట ఇన్‌ఫ్లుయెంజా టీకా వేయుటయు స్వల్పవ్యయముతోడి పనులు. చేతినరములను గలిపి చేయు ఫిస్టులాను ముందుగనే యేర్పరచి మెడగొట్టమును దప్పించుట తెలివిగల పని. మంచమునకును మంచమునకును ఎడముంచుట, కిటికీలు దెఱచుట, చేతులు కడుగుకొనుట క్రమశిక్షణకు సంబంధించినవి. కడుపులోని పొర ద్వారా ఇంటివద్దనే చేసికొను డయాలిసిస్‌ను గూర్చి కేంద్రప్రభుత్వము 2019లోనే మార్గదర్శకములను వెలువరించినది. దానికి శుభ్రత, శిక్షణ కావలెను. అందరికిని అది సరిపడదు. సరిపడువారికి మాత్రము అది గుంపును దప్పించును, బండిని దప్పించును. 2016లో బ్రకటింపబడిన జాతీయ డయాలిసిస్ పథకమున యంత్రములకు జూపిన శ్రద్ధలో కొంతభాగమైనను దీనికి జూపరాదా?

ప్రభుత్వమునకే సర్వమును వదలుట గూడ ధర్మము గాదు. గ్రామమున బండి గలవారు గలరు, ట్రాక్టరు గలవారు గలరు, కార్లు గలవారు గలరు. తమ గ్రామమున డయాలిసిస్‌కు బోవువా రెందరో, ఏయే దినములలో బోవుదురో యొక పట్టిక వ్రాసియుంచుకొని, ఆపత్కాలమున వారిని వంతులవారీగా గొనిపోవు యేర్పాటును గ్రామపెద్దలు చేయలేరా? పండుగలకు చందాలు వ్రాయించు పట్టణప్రముఖులు ఆసుపత్రి గదిలో గాలివచ్చు నేర్పాటులకు నాలుగు రూపాయలు వ్రాయించలేరా? పట్టికయే లేనిచోట ఎవరు తప్పిపోయిరో తెలియదు. ముందుచెప్పిన 104 మంది కథ మన గ్రామమున జరుగకుండవలెనన్నచో పేరుపేరున దెలిసినవారు ఊరిలోనే యుండవలెను.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 మే 5వ తేదీన కోవిడ్ అత్యవసరస్థితి ముగిసినదని ప్రకటించినది. స్థితి ముగిసినది గాని వైరసు ముగియలేదు. మరియొకటి రాదని యెవరును వ్రాసి యీయలేదు. వయస్సువలన, దేహదౌర్బల్యమువలన గలుగు మరణములకు మనము విచారింతము. బండి లేక, టీకా యందక, గది యిరుకై గలుగు మరణములకు మనము బాధ్యులము. ఈ రెంటిని ఒకే నిట్టూర్పులో గలిపివేయు అలవాటును ఆరోగ్యశాఖవారును, ప్రజలును విడనాడవలెనని మేము గట్టిగా కోరుచున్నాము.