డాబా మీద దరువు

వేసవి సాయంత్రం. ఎండ దిగిందంటే రాజాంలో చాలా ఇళ్లవాళ్లు డాబాల మీదే ఉంటారు. నీళ్లు చల్లి, చాపలు పరిచి, కాసేపు గాలి పోసుకుంటారు. అలాంటి ఓ ఇంట్లో పెద్దబ్బాయి విశాఖపట్నం నుంచి కొత్త స్పీకరు తెచ్చాడు. హాల్లో పెట్టి చూస్తే అలమరలో గిన్నెలు అదిరాయి. ‘భలే ఉందిరా’ అన్నారంతా. రాత్రి భోజనాలయ్యాక అదే పెట్టెని డాబా మీదికి మోసుకెళ్లి మధ్యలో పెట్టారు. పాట వస్తోంది, దరువు మాత్రం లేదు. ఇళయరాజా పాటలో ఆ బేస్ గిటారు ఏమైపోయినట్టు? సౌండు పెంచారు. పాడేవాళ్ల గొంతు చెవుల్లో గుచ్చుకుంది. దరువు అప్పుడూ అంతంతే. స్పీకరు పాడైందేమోనని దిగాలుపడ్డారు.

స్పీకరుకేమీ కాలేదు. లేనివల్లా గోడలే!

గదిలో నాలుగు గోడలూ, పైకప్పూ కలిసి బేస్‌ని పోగుచేసి మనకే తిరిగిస్తాయి. ఆరుబయట ఆ సాయం ఉండదు. 50 హెర్ట్జ్ ధ్వని అల పొడవు దాదాపు 7 మీటర్లు. అంత పెద్ద అల ఒక దిక్కుకే పోదు, అన్ని వైపులకీ పరుచుకుంటుంది. పైగా బహిరంగంలో దూరం రెట్టింపయ్యేకొద్దీ ఏ ధ్వనైనా 6 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. చెవి సంగతీ ఉంది. తక్కువ సౌండులో అది గొంతుని పట్టుకున్నంత బాగా దరువుని పట్టుకోలేదు. అందుకే ముందుగా మాయమయ్యేది బేసే.

ఈ కిటుకు ఉత్తరాంధ్ర కళాకారులకి ఎప్పుడో తెలుసు. జముకుల కథ చూసినవాళ్లు గుర్తు తెచ్చుకోండి. ఒక మూతికి తోలు బిగించి, దాని నడుమ తీగ కట్టి మీటే ఆ వాయిద్యం ‘గుమ్ గుమ్’మంటూ మోగుతుంది. దాన్ని ఆస్వాదించాలంటే దగ్గర కూర్చోవాల్సిందే. తప్పెటగుళ్లూ అంతే. చుట్టూ మూగిన జనానికే ఆ ఊపు తెలుస్తుంది. ఇక పోలిపల్లి పైడితల్లి అమ్మవారి జాతరలాంటి సందడిలో మైకుసెట్టు కోన్ ఊరవతలిదాకా వినిపిస్తుంది కానీ, అది మాటల కోసం పుట్టినది. దాని నుంచి దరువు ఆశించకూడదు.

మరి కొనేటప్పుడు ఏం చూడాలి? ముందు వూఫర్ సైజు. 100 హెర్ట్జ్ దగ్గర చేసినంత చప్పుడే 50 హెర్ట్జ్ దగ్గర చేయాలంటే నాలుగు రెట్లు గాలిని నెట్టాలి. 12 అంగుళాల కోను వైశాల్యం 6 అంగుళాల దానికి నాలుగింతలు. గుప్పెడంత పెట్టె ‘డీప్ బేస్’ అని రాసుకున్నంత మాత్రాన ఆ పని చేయలేదు. ఒకరిద్దరు పక్కన కూర్చుని వినడానికి చిన్నది చాలు. డాబా నిండా చుట్టాలొస్తే 8 నుంచి 12 అంగుళాల వూఫర్ ఉన్నది చూసుకోవాలి.

రెండోది, వాట్ల మాయ. అట్టపెట్టె మీద వేలల్లో కనిపించే ‘పీఎంపీఓ’ అంకెని పట్టించుకోకండి. ‘ఆర్ఎంఎస్’ ఎంతో అడగండి. దాంతోపాటు సెన్సిటివిటీ కూడా. ఒక వాటుకి, ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ ఇస్తుందన్నదే అది. 90 డెసిబెల్స్ ఇచ్చే స్పీకరు 50 వాట్లతో చేసే పనికి, 87 ఇచ్చే దానికి 100 వాట్లు కావాలి.

మూడోది, ఎంత కిందికి దిగుతుంది? ‘45 హెర్ట్జ్ నుంచి’ అని ఉంటే సరిపోదు. పక్కన ‘ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్స్’ అని ఉందా, ‘మైనస్ 10’ అని ఉందా చూడాలి. రెండోదైతే ఆ 45 దగ్గర దరువు ఉన్నా, పేరుకే ఉన్నట్టు.

నాలుగోది, వాన. బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే చాలు, ఇక్కడ ముసురు పడుతుంది. ఐపీ అనే అక్షరాల పక్క అంకెల్లో మొదటిది దుమ్ముకి, రెండోది నీటికి. ఐపీ 65 అంటే దుమ్ము దూరదు, నీళ్ల ధార తగిలినా ఫర్వాలేదు. 54 అయితే చినుకులకి ఓర్చుకుంటుంది. అంకెలే లేకపోతే వాడకం అయ్యాక లోపలికి తెచ్చేయాల్సిందే.

ఇక ఆ ఇంటి కథకొద్దాం. మర్నాడు ఉదయమే పక్కింటి మామ్మ పిట్టగోడ మీంచి పలకరించింది.

‘‘ఏటి బాబూ, రాత్రి ఆ మోత? మా మంచం అదిరిపోనాది.’’

డాబా మీద వీళ్లకి దక్కని దరువు కింద ఆమె గదిలోకి చేరింది. వింతేం లేదు. గొంతుల శబ్దాన్ని గోడ చాలావరకు ఆపుతుంది, బేస్‌ని అంతగా ఆపలేదు. గదిలోకి వచ్చాక మళ్లీ గోడల మధ్య బలపడుతుంది. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. అయితే ఆ కొలత మనిషి చెవి తీరున లెక్కగట్టేది. 50 హెర్ట్జ్ ధ్వనికి దాదాపు 30 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. మీటరు బాగానే ఉందన్నా మామ్మకి నిద్ర పట్టకపోవచ్చు. నిద్రమాత్ర వేసుకున్న పెద్దవాళ్లూ, బాలింతా, పరీక్షల పిల్లలూ ఏ మీటరుకీ కనబడరు.

ఆ రాత్రి పెద్దబ్బాయి రెండు పనులు చేశాడు. నడిమధ్యనున్న పెట్టెని తీసుకెళ్లి, మామ్మ ఇంటికి ఎడంగా ఉన్న మెట్లగది గోడకి ఆనించి నేల మీద పెట్టాడు. గట్టి గోడ పక్కన పెడితే బేస్ 6 డెసిబెల్స్ దాకా పెరగొచ్చు. నాలుగు రెట్ల వాట్లు పెట్టినా వచ్చేది అంతే! తర్వాత చాపలన్నీ స్పీకరుకి రెండు మూడు మీటర్ల దగ్గరికి జరిపించాడు. సౌండు నిన్నటిలో సగానికి తగ్గించాడు. గిటారు దిగువ తీగ ఇప్పుడు చక్కగా పలికింది.

పదికి ఐదు నిమిషాల ముందే పాట ఆపి పిట్టగోడ దగ్గరికెళ్లి అడిగాడు. ‘‘మామ్మా, ఇవాళ అదిరిందా?’’

‘‘లేదురా. పాటలు పెట్టేవా ఏటి?’’ అందామె.

స్పీకరు కొన్న తర్వాత చేయాల్సిన అసలు పరీక్ష అదే.