చప్పుడు విని కామ్‌షాఫ్ట్ కొనకండి

మిషిగన్‌లో స్థిరపడిన నా పాత విద్యార్థి ఒకడు ఈ మధ్య ఫోన్ చేశాడు. 1972 నాటి షెవర్లే షెవెల్ కారు కొన్నాడట. దాని 350 ఘనపు అంగుళాల, అంటే 5.7 లీటర్ల వి-8 ఇంజిన్‌ను విప్పి గ్యారేజీ నిండా పరిచాడట. "సర్, రెండు కామ్‌షాఫ్టులు చూసి పెట్టుకున్నాను. ధర దాదాపు ఒకటే. పెద్దది వేస్తేనే కదా పవర్ ఎక్కువ?" అని అడిగాడు. పెద్ద కామ్ వేసిన మరో కారు ఐడ్లింగ్‌లో చేసే చప్పుడు రికార్డు చేసి పంపాడు కూడా. గుర్రం డెక్కల్లా ఆగి ఆగి కొట్టుకునే ఆ శబ్దం కోసం అమెరికాలో పాత కార్ల అభిమానులు ప్రాణం పెడతారు.

చిన్నదే వేసుకో అన్నాను. అతనికి రుచించలేదు.

ఇందులో నా చాదస్తం కొంత ఉంటే ఉండవచ్చు. కానీ ఈ ప్రశ్నకు జవాబు అతను రెండో సంవత్సరంలోనే థర్మల్ ల్యాబులో గీశాడు. ఫ్లైవీల్ మీద సుద్దతో గుర్తులు పెట్టి, ఏ వాల్వ్ ఎప్పుడు తెరుచుకుంటుందో, ఎప్పుడు మూసుకుంటుందో కొలిచి, వాల్వ్ టైమింగ్ డయాగ్రమ్ గీయడం ఆంధ్ర, తెలంగాణల్లో మెకానికల్ విద్యార్థులకు పరిచయమైన ప్రయోగమే. బొమ్మ వేసి మార్కులు తెచ్చుకుంటారు. పిస్టన్ అట్టడుగుకు చేరాక కూడా ఇన్‌లెట్ వాల్వ్ మరికొన్ని డిగ్రీల పాటు ఎందుకు తెరిచి ఉంటుందని మాత్రం మేమూ గట్టిగా అడగం, వాళ్ళూ ఆలోచించరు. కామ్‌షాఫ్ట్ ఎంపిక మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

గాలికి బరువుంది. వేగం అందుకున్న గాలి పిస్టన్ ఆగగానే ఆగిపోదు. కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు తలుపు దగ్గర వెనకవాళ్ళు తోస్తుంటే ముందువాళ్ళు లోపలికి వచ్చి పడినట్టు, పిస్టన్ మళ్ళీ పైకి బయలుదేరాక కూడా కొంత మిశ్రమం సిలిండర్‌లోకి దూసుకొస్తుంది. నిమిషానికి 6000 భ్రమణాల దగ్గర క్రాంక్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరగడానికి పట్టేది సెకనులో నూరో వంతు. అంత తక్కువ సమయంలో సిలిండర్ నిండాలంటే వాల్వ్ ఆలస్యంగా మూసుకోవడమే మేలు. అదే ఇంజిన్ 600 భ్రమణాల దగ్గర ఉంటే ఒక చుట్టుకు పది రెట్ల సమయం దొరుకుతుంది. గాలికి ఊపూ ఉండదు. అప్పుడు ఆలస్యంగా మూసుకునే వాల్వ్ గుండా, పైకి వచ్చే పిస్టన్ అప్పుడే పీల్చుకున్న మిశ్రమాన్ని వెనక్కి నెట్టేస్తుంది. కామ్‌షాఫ్ట్ ఒక ఇనుప కడ్డీ. దాని మీది గుబ్బల ఆకారం ఒకసారి చెక్కాక మారదు. అది ఒక వేగానికి సరిపోతే మరో వేగానికి సరిపోదు.

అతను చూసిన రెండు కామ్‌ల లెక్క ఇది. చిన్నదాని ఇన్‌లెట్ డ్యూరేషన్ 268 డిగ్రీలు, పెద్దదానిది 292. ఇవి క్రాంక్‌షాఫ్ట్ డిగ్రీలు. ప్రకటనల్లో కనిపించే ఈ అంకెలను గుడ్డిగా పోల్చకూడదు. టాపెట్ ఎంత లేచాక కొలత మొదలుపెట్టాలన్నది ఒక్కో తయారీదారు ఒక్కోలా తీసుకుంటాడు. అందుకే టాపెట్ 0.050 అంగుళం లేచినప్పటి కొలతను చూడటం అలవాటుగా వచ్చింది. ఆ లెక్కన ఇవి 224, 244. వాల్వ్ పూర్తిగా తెరుచుకునే స్థానం రెండింటిలోనూ ఒకటే, పిస్టన్ పైకొసను దాటిన 106 డిగ్రీల దగ్గర. కాబట్టి చిన్న కామ్‌తో ఇన్‌లెట్ వాల్వ్ అట్టడుగు దాటిన 60 డిగ్రీలకు మూసుకుంటుంది. పెద్దదానితో 72 డిగ్రీలకు.

పన్నెండు డిగ్రీలే కదా అనిపిస్తుంది. ఈ ఇంజిన్ స్ట్రోక్ 88.4 మిల్లీమీటర్లు. కనెక్టింగ్ రాడ్ పొడవు కూడా కలిపి లెక్క కడితే, చిన్న కామ్‌తో వాల్వ్ మూసుకునేసరికి పిస్టన్ ఇంకా దాదాపు 71.5 మిల్లీమీటర్లు పైకి వెళ్ళాలి. పెద్ద కామ్‌తో మిగిలేది 64 మాత్రమే. మిశ్రమాన్ని నిజంగా నొక్కేది ఆ మిగిలిన దూరమే. 1971 మోడళ్ళ నుంచి జనరల్ మోటార్స్ తన ఇంజిన్ల కంప్రెషన్ తగ్గించేసింది. షెవెల్‌లో అది కాగితం మీద 8.5కు 1. వాల్వ్ మూసుకున్న క్షణం నుంచి లెక్కిస్తే చిన్న కామ్‌తో సుమారు 7.1, పెద్దదానితో 6.4. అసలే తక్కువ కంప్రెషన్ ఉన్న ఇంజిన్‌కు ఇది ఉన్న బలం కూడా తీసేయడమే. పెద్ద కామ్ పెట్టాలంటే పిస్టన్లో, సిలిండర్ హెడ్లో మార్చి కంప్రెషన్‌ను 10 దాటించాలి. అతని బడ్జెట్‌లో ఆ పని లేదు.

ఇక చప్పుడు సంగతి. ఎగ్జాస్ట్ వాల్వ్ పూర్తిగా మూసుకోకముందే ఇన్‌లెట్ వాల్వ్ తెరుచుకునే కాలాన్ని ఓవర్‌ల్యాప్ అంటాం. చిన్న కామ్‌లో అది 54 డిగ్రీలు, పెద్దదానిలో 72. వేగంగా తిరిగేటప్పుడు బయటికి పోయే కాలిన వాయువు కొత్త మిశ్రమాన్ని లోపలికి లాగుతుంది కాబట్టి ఓవర్‌ల్యాప్ ఉపకారమే. ఐడ్లింగ్‌లో కథ తిరగబడుతుంది. కాలిన వాయువు వెనక్కి తన్ని కొత్త మిశ్రమంలో కలుస్తుంది. ఒక్కోసారి సిలిండర్ సరిగా మండదు, మరోసారి మండుతుంది. అభిమానులు మైమరచి వినే ఆ డెక్కల చప్పుడు సరిగా కాలని పెట్రోలు చప్పుడే. కారు వెనక నిలబడితే కళ్ళు మండటానికీ కారణం అదే.

చప్పుడు ఇష్టమైతే ఇష్టమే, నాకేం అభ్యంతరం లేదు. నా ఆందోళన బ్రేకుల గురించి. ఆ కారు బ్రేకు బూస్టర్ ఇంజిన్ ఇన్‌టేక్‌లోని వాక్యూమ్ మీద పనిచేస్తుంది. కంపెనీ కామ్ ఉన్న ఆరోగ్యమైన వి-8 ఐడ్లింగ్‌లో 18 నుంచి 20 అంగుళాల పాదరసం వాక్యూమ్ ఇస్తుంది. పెద్ద కామ్ దాన్ని 10 దరిదాపులకు దించగలదు. అప్పుడు సిగ్నల్ దగ్గర వెంటవెంటనే రెండు మూడుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా గట్టిపడుతుంది. టన్నున్నర పైబడిన కారు అది. పవర్ లెక్కలు మాట్లాడేవాళ్ళు ఈ మాట చివర్లో, అదీ అడిగితేనే చెబుతారు.

గేరు సంగతి చూడండి. అతని కారు వెనక యాక్సిల్ నిష్పత్తి 3.08, టైరు ఎత్తు 27 అంగుళాలు, ఓవర్‌డ్రైవ్ లేని ఆటోమేటిక్ గేర్‌బాక్స్. హైవే మీద గంటకు 60 మైళ్ళు, అంటే 96 కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు ఇంజిన్ తిరిగేది నిమిషానికి సుమారు 2300 సార్లు. ఆ పెద్ద కామ్ ఊపందుకునేది 2500 దాటాక. అంటే రోజూ ఆఫీసుకు వెళ్ళొచ్చే దారిలో అది ఒక్కసారి కూడా తన పని తాను చేయదు.

పెద్ద కామ్‌లను కంపెనీలే వేసి అమ్మలేదా అన్నది అతని తర్వాతి ప్రశ్న. అమ్మాయి. 1967లో వచ్చిన కమారో జెడ్/28 అందుకు గొప్ప ఉదాహరణ. ట్రాన్స్-యామ్ రేసుల్లో ఇంజిన్ 305 ఘనపు అంగుళాలు మించకూడదని నియమం. షెవర్లే 4 అంగుళాల బోర్, 3 అంగుళాల స్ట్రోక్‌తో 302 ఇంజిన్ తయారుచేసి, 0.050 దగ్గర 254 డిగ్రీల డ్యూరేషన్ ఉన్న కామ్ వేసింది. రెండు వాల్వులకూ 0.030 అంగుళం సందు పెట్టాలి కాబట్టి దానికి '30-30' అని పేరొచ్చింది. అయితే ఆ కారును నాలుగు గేర్ల మాన్యువల్‌తోనే ఇచ్చారు. వెనక యాక్సిల్ 3.73. ఎక్కువ వేగంతో తిరుగుతూ రేసులో బతకడానికి పుట్టిన ఇంజిన్ అది. అక్కడ కామ్ ఒక్కటే పెద్దది కాదు, మిగతావన్నీ దానికి తగ్గట్టే ఉన్నాయి. అందులోంచి ఒక్క కామ్‌ను తీసి ఆటోమేటిక్ షెవెల్‌లో పెట్టడం ఒకరికి రాసిన మందు ఇంకొకరు మింగడమే.

ఇంకొక చిక్కు నూనెతో ఉంది. ఆ కాలపు ఇంజిన్లలో టాపెట్ అడుగు దాదాపు చదునుగా ఉండి కామ్ గుబ్బ మీద రాసుకుంటూ తిరుగుతుంది. ఆ రాపిడిని తట్టుకోవడానికి నూనెలో జింకు, ఫాస్ఫరస్ ఉన్న పదార్థం కలుపుతారు. ఫాస్ఫరస్ క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది కాబట్టి 2004 తర్వాతి ప్రమాణాలు కొత్త కార్ల నూనెల్లో దాన్ని తగ్గించాయి. పెద్ద కామ్‌లకు గట్టి స్ప్రింగులు కావాలి. గట్టి స్ప్రింగు, తక్కువ ఫాస్ఫరస్ కలిస్తే గుబ్బలు అరిగిపోతాయి, ఇనుప రజను ఇంజిన్ అంతా పాకుతుంది. కొత్త కామ్ వేశాక మొదటి ఇరవై నిమిషాలు ఇంజిన్‌ను ఐడ్లింగ్‌లో వదలకుండా 2000 పైన తిప్పమని చెప్పేదీ అందుకే. అప్పుడే కామ్ మీదకు నూనె బాగా చిమ్ముతుంది. రోలర్ టాపెట్లు కొనగలిగితే ఈ బెడద లేదు, కానీ ఖర్చు బాగా పెరుగుతుంది.

మన వీధిలో ఆగి ఉన్న చిన్న మారుతి కారు మీద కూడా వి.వి.టి. అనే అక్షరాలు కనిపిస్తాయి. వాల్వ్ తెరుచుకునే వేళను ఇంజిన్ వేగాన్ని బట్టి నడుస్తుండగానే జరిపే ఏర్పాటు అది. షెవెల్‌కు ఆ వెసులుబాటు లేదు. దాని యజమాని ఒకే ఒక్కసారి, ఇంజిన్ బిగించే రోజున, ఆ నిర్ణయం తీసుకోవాలి. అందుకే కామ్ జాబితా తెరవకముందు కారు బరువు, కంప్రెషన్, యాక్సిల్, గేర్‌బాక్స్, బ్రేకులు, తను నడిపే వేగం కాగితం మీద రాసుకోవాలంటాను. అప్పటికీ రెండింటి మధ్య మనసు ఊగితే చిన్నదే తీసుకోవాలి. చిన్న కామ్ వేసి నష్టపోయేది చివరి వెయ్యి భ్రమణాల్లో కొంత శక్తి. పెద్దది వేసి నష్టపోయేది మిగతా అన్ని వేగాల్లోనూ.

వారం తర్వాత మళ్ళీ ఫోన్ వచ్చింది. "సర్, యాక్సిల్ 3.73కు మార్చేస్తే పెద్దది వేసుకోవచ్చా?" అని. అప్పుడు హైవేలో 2800 దగ్గర మోత వింటూ కూర్చోవాలి, కంప్రెషన్ మాత్రం పెరగదు అన్నాను. ఆ కారు ఇంట్లో ఇంకెవరైనా నడుపుతారా అని అడిగితే, వాళ్ళావిడ ఆదివారాలు గుడికి తీసుకెళ్తానంటోందన్నాడు. బ్రేకుల మాట మళ్ళీ గుర్తుచేశాను. చివరికి 268కే ఆర్డరు పెట్టాడు. కొలత కోసం ఒక డిగ్రీ వీల్ కూడా తెప్పించుకోమన్నాను, టైమింగ్ చెయిన్ ఒక పన్ను అటూ ఇటూ అయితే ఈ లెక్కంతా వృథా. "ల్యాబులో సుద్దతో గుర్తులు పెట్టినట్టే కదా సర్," అన్నాడు.