కడలి వెంట కాలిదారి ఏది?

విశాఖ–భీమిలి బీచ్ రోడ్డు అందం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. సినిమాలు, పర్యాటక శాఖ పోస్టర్లు ఆ పని ఎప్పుడో చేసేశాయి. కాకపోతే అదంతా కారు అద్దంలోంచి కనిపించే అందం. రుషికొండ దగ్గర దిగి, పగలంతా తీరం పట్టుకుని నడిచి, పొద్దుగూకేలోగా భీమిలి చేరాలనుకునే మనిషికి దారి ఎటు అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. ఉన్నది పదిహేను కిలోమీటర్ల పైచిలుకు, ఓపికున్నవాళ్లకు ఒక్క పూట కాకపోతే ఒక్క రోజు నడక. ఎడమ చేతి వైపు తొట్లకొండ, దాని మీద రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ ఆరామం. మంగమారిపేట దగ్గర అలలు తొలిచిన రాతి తోరణం. ఆ పైన ఎర్రమట్టి దిబ్బలు, చివర గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. ఇన్ని ఒకే వరసలో ఉన్నా వాటిని కలిపే కాలిదారి మాత్రం లేదు. రుషికొండ మీద ఏం కట్టారు, ఎందుకు కట్టారు అన్న గొడవ ఎన్నికల దాకా నడిచింది గానీ, కొండ కింద నడిచేవాడికి దారి ఉందా అన్న ప్రశ్న పెద్దగా వినపడలేదు.

ఇసకంతా సర్కారుదే, నడవొద్దని ఎవరన్నారు అనొచ్చు. తిరకాసు అక్కడే ఉంది. తీర ప్రాంత నియంత్రణ (సీఆర్‌జెడ్) నిబంధనలు 1991లో తొలిసారి వచ్చినప్పుడే, రెండు రిసార్టుల మధ్య కనీసం 20 మీటర్ల సందు వదలాలని చెప్పాయి. మంచి నిబంధనే. కానీ అది రోడ్డు మీంచి నీళ్ల దాకా వెళ్లే దారి సంగతి. ఊరి నుంచి ఊరికి నీళ్ల వెంట తెగకుండా సాగే దారికి దాంట్లో పూచీ లేదు. పాటు సమయంలో తడి ఇసక గట్టిగా ఉంటుంది, హాయిగా నడవొచ్చు. పోటు వచ్చిందంటే ఆ ఇసక మాయమవుతుంది. రాళ్లో గెడ్డో అడ్డొస్తే పైకెక్కాలి. పైన ప్రహరీ గోడ ఉంటే మళ్లీ రోడ్డు మీదికి, బస్సుల మధ్యకి. అంటే మన దగ్గర తీరం వెంట నడక హక్కు కాదు, ఆటుపోట్ల దయ.

ఇంగ్లండ్ నైరుతి మూలన 1,014 కిలోమీటర్ల కాలిబాట ఉంది. మైన్‌హెడ్‌లో మొదలై కార్న్‌వాల్ కొసను చుట్టి పూల్ రేవు దాకా వెళ్తుంది. దాన్ని మొదట తొక్కింది విహారయాత్రికులు కాదు, దొంగసరుకు దింపేవాళ్ల కోసం ప్రతి మలుపులోకీ తొంగిచూడాల్సిన తీర కాపలాదారులు. అందుకే ఆ బాట అంచును వదలదు. కాపలా పోయింది, బాట మిగిలింది. మిగిలిందని ఊరుకోలేదు వాళ్లు. 2009లో చట్టం చేసి ఇంగ్లండ్ తీరమంతా కాలిబాట వేసే బాధ్యత పెట్టారు. ఆ చట్టంలో మనం కళ్లకద్దుకోవాల్సిన ఏర్పాటు ఒకటుంది: అంచు కోతకు గురై కూలితే బాట కూడా లోపలికి జరుగుతుంది. మన ఉప్పాడ దగ్గర బీచ్ రోడ్డు తుపాను వచ్చినప్పుడల్లా దెబ్బతింటోంది, మరమ్మతు చేస్తున్నారు, మళ్లీ దెబ్బతింటోంది. సముద్రంతో పాటు వెనక్కి జరగగలిగేది కాలిదారి ఒక్కటే.

తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు, భద్రత మాటేమిటి అన్నది సహజమైన అభ్యంతరం. ఇంగ్లండ్ బాట డోర్సెట్‌లో సైన్యం కాల్పుల మైదానం గుండానే పోతుంది. కాల్పులున్న రోజుల్లో మూసేస్తారు, చాలా వారాంతాల్లో తెరుస్తారు. తెరవలేని చోట బాట చుట్టు తిరిగి వెళ్లొచ్చు, ఎవరూ కాదనరు. ఎండ సంగతా? నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, తుపాను హెచ్చరిక లేని రోజుల్లో నడవాలి. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే తాబేళ్లకు చీకట్లో వెలిగే దీపాలతోనే ఎక్కువ బెడద. బాటకు దీపాలు పెట్టకుండా, పొద్దు వాలగానే మూసేస్తే సరి.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం మత్స్యకారులది. పడవలు లాగే చోటు, వలలు ఆరేసే చోటు, ఆడవాళ్లు చేపలు ఎండబెట్టే ఇసక వాళ్ల పనిచోటు. అందులోకి సెల్ఫోన్లు పట్టుకుని గుంపులు దిగితే కోపం రాదా? వస్తుంది, రావాలి కూడా. అందుకే ఏ పల్లెలో బాట పడవల వెనకగా పోవాలో, ఏ సందులోంచి పోవాలో ఆ పల్లెవాళ్లే గీసివ్వాలి. కాకపోతే వాళ్ల చోటును నిజంగా కొరుక్కుతినేది గోడ. మనిషి నడవడానికి దారి ఉందని పటంలో రాసి ఉన్న చోట గోడ కట్టడం కష్టం. పైగా నడిచేవాడు ఆగుతాడు, టీ తాగుతాడు, అన్నం తింటాడు. కారువాడు నేరుగా రిసార్టు గేటులోకి పోతాడు.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఇంకొంచెం నిదానించాలి. వేల ఏళ్లపాటు గాలి, వాన, సముద్ర మట్టంలో మార్పులు కలిసి పేర్చిన ఇసక అది. ఇనుము తుప్పు రేణువులకు పట్టి ఎర్రబడింది. పైకి గట్టిగా కనిపిస్తుంది గానీ వానకు కోసుకుపోయి మనిషి లోతు దాటిన సందులవుతుంది. అంచున కాలు గట్టిగా వేస్తే మట్టి రాలుతుంది. 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ ఎక్కింది. ఇలాంటి చోటికి బాట వేస్తే నాశనం కాదా అంటే, బాట లేకపోవడమే ఎక్కువ నష్టం. దారి లేని చోట ఎవడికి తోచినట్టు వాడు ఎక్కుతాడు. దిబ్బల మీదికి కాకుండా వాటి పక్కగా, సముద్రం వైపు ఒకే గీతగా గుర్తు పెడితే పాదాలన్నీ ఆ గీత మీదే పడతాయి. ఒక్క షరతు: సిమెంటు వద్దు, రెయిలింగు వద్దు, అందులోనూ ‘ఐ లవ్’ బోర్డు అసలు వద్దు.

డబ్బు లేదన్న మాట చివరిది. దక్షిణ కొరియాలో జెజు ద్వీపం చుట్టూ ఉన్న ఓల్లే బాటను 2007లో మొదలుపెట్టింది ప్రభుత్వం కాదు, సుహ్ మ్యాంగ్‌సుక్ అనే మాజీ పాత్రికేయురాలు. ఒక్కో ముక్క ఒక రోజు నడక. చెట్లకీ స్తంభాలకీ కట్టిన నీలం, నారింజ రిబ్బన్లే గుర్తులు. మనకైతే రిబ్బన్ల కన్నా ముందు రెవెన్యూ పటం మీద, విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ) మాస్టర్ ప్లాన్‌లో ఆ గీత పడాలి. పదిహేను కిలోమీటర్లూ ఒక్కసారే అక్కర్లేదు. ఎర్రమట్టి దిబ్బల పక్క నుంచి భీమిలి దాకా ఉన్న ముక్కతో మొదలుపెట్టి, దారిలో పల్లెలు ఒప్పుకున్న మేరకే ముందుకు పోవచ్చు.