కు.ని. పద్ధతి ఎంపికలో ఎర్రబట్ట ఊసే లేదు

(గ్రామీణ విలేకరి)

ఇద్దరు పిల్లలు కాగానే మన పల్లెల్లో కు.ని. అంటే ఆడవారి ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో నూటికి 70 మంది దాకా ఈ ఆపరేషన్ అయినవారే. మగవారి ఆపరేషన్ నూటికి ఒకటి కూడా లేదు. అదే సర్వేలో సగానికి మించిన స్త్రీలకు రక్తహీనత ఉన్నట్లు తేలింది. ఈ రెండు సంగతులను కలిపి చూసేవారు అరుదు.

ముట్టు ఏడు రోజులు దాటినా, గంట రెండు గంటలకే బట్ట తడిసినా, నెత్తురు గడ్డలు పడినా అది మామూలు ముట్టు కాదు. అటువంటివారు పద్ధతి ఎంచుకునే ముందే ఆ మాట నర్సమ్మకు చెప్పాలి. సిగ్గుపడి దాచేవారే ఎక్కువ.

ట్యూబు ఆపరేషన్‌తో కాన్పులు ఆగుతాయి గాని ఎర్రబట్ట తగ్గదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా వేసే రాగి లూప్ పదేళ్ళ దాకా పనిచేసే మంచి సాధనమే. అయితే దానితో, ముఖ్యంగా మొదటి నెలల్లో, రక్తస్రావం, నొప్పి పెరగవచ్చు. అసలే రక్తం లేని మనిషికి అది భారం.

హార్మోన్ లూప్ సంగతి వేరు. గర్భసంచి లోపలి పొరను పలుచన చేసి రక్తస్రావాన్ని బాగా తగ్గిస్తుంది. ఎర్రబట్టకు వైద్యంగా కూడా డాక్టర్లు దీనినే వేస్తారు. అయిదేళ్ళకు తక్కువ కాకుండా పనిచేస్తుంది. చిక్కల్లా ధరే. సాధారణంగా బయట వేలు పోసి కొనాలి.

మూడు నెలలకొకసారి వేసే అంతర ఇంజక్షన్ 2017 నుంచి ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితం. మొదట్లో ముట్టు తప్పుతూ, చుక్కలు పడుతూ ఉంటుంది. ఏడాదికి చాలామందికి ఆగిపోతుంది. మానేశాక గర్భం రావడానికి కొన్ని నెలలు పడుతుంది. ముట్టు ఆగితే చెడు రక్తం లోపలే నిలుస్తుందని అత్తలు భయపెడతారు. పొర పెరగనప్పుడు లోపల నిలవడానికి రక్తమేదీ?

ఎర్రబట్ట ఉన్నవారు ఏ పద్ధతికైనా ముందు కణితులున్నాయేమో, థైరాయిడ్ ఉన్నదేమో పరీక్ష చేయించుకోవాలి.

ఇవేవీ చూడక చివరకు గర్భసంచే తీయించుకుంటున్నారు. 2015-16 సర్వే నాటికే దేశంలో ఇది నూటికి ముగ్గురయితే, ఆంధ్రలో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో ఎనిమిది మంది. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను రాష్ట్రాలు అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. హార్మోన్ లూప్‌ను మండల ఆసుపత్రి దాకా ఉచితంగా తెస్తే ఆ ఆపరేషన్లు కొన్నయినా తప్పుతాయి.