సీటు పోయేది పరీక్ష హాల్లో కాదు, వేసవి సెలవుల్లో

మన భైంసాలో బస్సెక్కి ముథోల్ మీదుగా పోతే బాసర గంట ప్రయాణం. ఎక్కడెక్కడి నుంచో తల్లిదండ్రులు పిల్లలను ఎత్తుకొచ్చి అక్కడ అమ్మవారి గుడిలో అక్షరాభ్యాసం చేయిస్తారు. అదే ఊళ్లో 2008 నుంచి రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం నడుస్తోంది. మనమంతా ట్రిపుల్ ఐటీ అని పిలుచుకునేది దాన్నే. పదో తరగతి పాసైన పల్లెటూరి పిల్లలను తీసుకుని, రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్ చదివించడానికి పెట్టిన విశ్వవిద్యాలయం అది. కంప్యూటర్ రంగంలో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు దానికి మొదటి ఛాన్సలర్. ఆయన పుట్టింది చిత్తూరు జిల్లాలోని ఒక పల్లెలో.

ఇంత దగ్గరలో ఇంత పెద్ద చదువు ఉంది. మరి మన హాస్టల్ నుంచి ఇప్పటివరకు ఎంతమంది అక్కడికి వెళ్లారు? మెస్ రిజిస్టర్‌లో ప్రతి పూటా ఎన్ని కిలోల బియ్యం వండారో లెక్క దొరుకుతుంది. ఈ లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు. వార్షికోత్సవం నాడు మనం ముందుగా మాట్లాడుకోవలసింది దీని గురించే అని నా అభిప్రాయం.

హాస్టల్ పిల్లలకు అక్కడ సీటెందుకు రాదని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒక్కటే: "కార్పొరేట్ బడుల పిల్లలతో వీళ్లు పోటీ పడలేరు." ఈ మాట సగమే నిజం. ట్రిపుల్ ఐటీ సీటుకు మామూలుగా వేరే ప్రవేశ పరీక్ష ఉండదు. పదో తరగతిలో తెచ్చుకున్నదే లెక్క. కరోనా వల్ల పది పరీక్షలు జరగని 2021లో మాత్రం పాలిసెట్ ర్యాంకు చూశారు. కోచింగ్‌కు వేలు పోయలేని ఇంటి పిల్లలకు ఇది ఎంత మేలో ఆలోచించండి.

ఇంకొక మేలు కూడా ఉంది. వసతి లేని ప్రభుత్వ బడుల్లో, అంటే జిల్లా పరిషత్ వంటి బడుల్లో చదివినవారికి, గ్రేడ్ల కాలంలో జీపీఏకు 0.4 కలిపేవారు. 9.5 వచ్చిన జిల్లా పరిషత్ పిల్లవాడు 9.9తో నిలబడి, 9.8 వచ్చిన ప్రైవేటు బడి పిల్లవాడిని దాటిపోయేవాడు. మన హాస్టల్ పిల్లలు ఇక్కడొకటి గుర్తుంచుకోవాలి. మనం ఉండేది హాస్టల్లో అయినా చదివేది జిల్లా పరిషత్ బడిలో. గురుకులం వేరు, మనం వేరు. "హాస్టల్ వాళ్లకు అది వర్తించదట" అని ఎవరో అంటే నమ్మి ఊరుకోవద్దు. 2025 మార్చి పరీక్షల నుంచి జీపీఏ పోయి మళ్లీ మార్కులే వచ్చాయి కాబట్టి, ఏ ఏటికి ఆ ఏటి నోటిఫికేషన్ తెప్పించుకుని అక్షరం అక్షరం చదవాలి. కొందరు దీన్ని దయగా చూస్తారు. నేను ఒప్పుకోను. కిరోసిన్ దీపం కింద చదివి, సెలవు రోజుల్లో పత్తి ఏరి తెచ్చుకున్న తొంభై మార్కులూ, ట్యూషన్ మాస్టారు ఇంటికొచ్చి చెబితే వచ్చిన తొంభై మార్కులూ ఒక్కటి కావు. ఆ తేడాను కాగితం మీద ఒప్పుకోవడమే ఆ 0.4.

మరి సీటు ఎక్కడ పోతోంది? నా ఎదుట జరిగినది చెబుతాను.

2010లో నాతో పాటు పది పాసైన మిత్రుడొకడు లెక్కల్లో నాకంటే చురుకు. రాత్రి స్టడీ అవర్‌లో మా గదికంతా వాడే మాస్టారు. పరీక్షలు అయ్యాయి, హాస్టల్ మూశారు, ఇనుప పెట్టె నెత్తిన పెట్టుకుని ఎవరి ఊరికి వాళ్లం పోయాం. వాడు అమ్మానాన్నలతో మహారాష్ట్ర వైపు ఇటుక బట్టీ పనికి పోయాడు. ఫలితాలు వచ్చాయి, వాడికి మంచి మార్కులు వచ్చాయి, నోటిఫికేషన్ వచ్చింది, గడువు కూడా అయిపోయింది. వాడు తిరిగొచ్చేసరికి వానలు పడి విత్తనాలు వేస్తున్నారు. వాడికి సీటు వచ్చేదో రాదో నేను చెప్పలేను. కానీ వాడి తరఫున ఎవరూ అడగనే లేదు కదా! అడగని సీటు ఎవరిస్తారు?

వాడి తప్పేమీ లేదు. ఏర్పాటులోనే ఉంది లోపం. పదేళ్లు చదివించి, సరిగ్గా దారి చూపవలసిన రెండు నెలలు మాత్రం హాస్టల్‌కు తాళం పడుతుంది. మార్చి దాకా పిల్లవాడు సార్ల కళ్ల ముందు ఉంటాడు. ఫారం నింపే వేళకు ఎవరికీ దొరకడు.

మనం రోజూ దండం పెట్టే అంబేడ్కర్ గారి జీవితమే చూడండి. ఆయన 1907లో మెట్రిక్ పాసైనప్పుడు ఆ తెలివిని గుర్తించిన కృష్ణాజీ అర్జున్ కేళుస్కర్ అనే మాస్టారు, తర్వాత ఆయనను బరోడా మహారాజు శాయాజీరావు దగ్గరికి తీసుకెళ్లారు. చదువుకు నెలనెలా సాయం అందేలా చేశారు. 1913లో అదే బరోడా సాయంతో అంబేడ్కర్ అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. తెలివి ఆయనదే, కష్టం ఆయనదే. కానీ చేయి పట్టుకుని గడప దాకా తీసుకుపోయిన మనిషి ఒకరున్నారు. మన పిల్లలకు కరువైంది ఆ ఒక్క మనిషే.

అందుకని నేను కోరేది పెద్ద పనులేమీ కావు. పది చదివే ప్రతి పిల్లవాడికీ కుల, ఆదాయ పత్రాలు, ఏ తరగతి ఎక్కడ చదివాడో చెప్పే స్టడీ సర్టిఫికెట్లు డిసెంబరులోపే సిద్ధం కావాలి. జూన్‌లో మీసేవ ముందు వరుస కడితే పని కాదు. ఆధార్‌లో, బడి రికార్డులో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో అప్పుడే సరిచూడాలి. హాస్టల్ మూసే రోజున ఒక్కొక్కరివి రెండు ఫోన్ నంబర్లు రాసుకోవాలి. ఒకటి ఇంటిది, రెండోది ఊళ్లో కిరాణా కొట్టుదో, మాస్టారుదో. నోటిఫికేషన్ వచ్చిన రోజున ఆ నంబర్లకు ఫోన్లు చేసే బాధ్యత పూర్వ విద్యార్థులమైన మేము తీసుకోవాలి. వార్డెన్ సార్ ఒక్కరి మీదే వేసి మేము చేతులు దులుపుకోవడం న్యాయం కాదు.

ఇక తమ్ముళ్లారా, మీరు చేయవలసింది మీకుంది. ఇద్దరికి సమానంగా వస్తే ముందు లెక్కలు చూస్తారు, తర్వాత సామాన్య శాస్త్రం, ఆ తర్వాత ఇంగ్లీషు. లెక్కలు పదిలో మొదలుపెడితే అందవు. ఎనిమిదో తరగతి బీజగణితంలో పడిన గుంత పదో తరగతి దాకా వెంట వస్తుంది. రోజుకు ఒక గంట లెక్కలకు కేటాయించండి. అర్థం కానిది అడగడానికి సిగ్గుపడకండి. మొదటిసారే పాస్ కావాలన్న నిబంధన ఉంది, అదీ మరువకండి.

ఒక్క తలుపునే పట్టుకుని కూర్చోవద్దని కూడా చెబుతున్నాను. పాలిసెట్ రాయండి. గురుకుల జూనియర్ కళాశాలలకు దరఖాస్తు పెట్టండి. ట్రిపుల్ ఐటీ కూడా స్వర్గమేమీ కాదు. 2022 జూన్‌లో అక్కడి పిల్లలు సౌకర్యాల కోసం వానలో, ఎండలో వారం రోజులు కూర్చుని పోరాడారు. అయినా అక్కడికి చేరినవాడికి అడిగే గొంతు వస్తుంది. అసలు ఫారమే వేయనివాడికి ఆ అవకాశం కూడా ఉండదు.

మొన్న నా మిత్రుడు ఫోన్ చేశాడు. ఇప్పుడు వాడు ఆటో నడుపుతున్నాడు. వాళ్ల అక్క కూతురు తొమ్మిదో తరగతి. "ఆ ఫారం ఎప్పుడొస్తదిరా? ముందుగాల్నే చెప్పు" అన్నాడు. ఏడాదికి పైగా ముందే అడిగాడు. వాడు నేర్చుకున్న పాఠం మన హాస్టల్ కూడా నేర్చుకుంటే, వచ్చే వార్షికోత్సవం సంచికలో ఆ లెక్క రాయడానికి ఒక పేజీ ఖాళీగా ఉంచుదాం.